నీళ్ళకి ఇంకా కబురందలేదు

ఈ ఉదయం జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వస్తున్నాను. బస్సు ఆగాక కూడా నా ఒళ్ళోని సీసాలో నీళ్ళు ఊగుతూనే ఉన్నాయి. అవి నిలిచేదాకా చూస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. "మీ సైన్స్ మాస్టారు పోయారంట. నిద్రలోనే."

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకు ఆ గాజు గ్లాసు గుర్తుండే ఉంటుంది. మా కాన్వెంటులో ఎనిమిదో తరగతికి ఆయన గ్లాసులో నీళ్ళు పోసి, సుద్దపొడి చల్లి, బల్ల మీద గిర్రున తిప్పి ఠక్కున ఆపేవారు. పొడి ఇంకా తిరుగుతూ ఉండేది.

"గ్లాసు ఆగింది. నీళ్ళకి ఇంకా కబురందలేదు. లోపలి చెవిలో మూడు గొట్టాలున్నాయి, వాటిలోనూ నీళ్ళే. మీరు ఆగినా అవి ఆగవు. తల తిరిగేది అందుకే."

తర్వాత ఒక పిల్లను గుండ్రంగా తిప్పించి, ఆపి, "కళ్ళు చూడండి" అనేవారు. కనుపాపలు ఒక పక్కకే కొట్టుకుంటూ ఉండేవి. తిరగడానికి నేనెప్పుడూ లేవలేదు. నోట్సు మాత్రం శుభ్రంగా రాసుకున్నాను.

"మన సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయే మీ చెవుల్లోనూ చిటికెడుంది. సన్నటి గింజలు. తల ఎటు వంగిందో మెదడుకి చెప్పేది అవే. గింజ జారి గొట్టంలో పడిందా, కదలని గది కూడా తిరుగుద్ది."

"అయితే మా చెవులు లీజుకిస్తాం సార్" అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటే, అందరికన్నా ముందు ఆయనే నవ్వారు.

రిటైరయ్యాక మా చర్చిలో ప్రభు సంస్కారం రోజున ద్రాక్షరసం పళ్ళెం ఆయనే తెచ్చేవారు. బెంచీ బెంచీకి వంగి చిన్న గ్లాసులు అందించేవారు. ఒక ఆదివారం అలా వంగి లేస్తూ తూలారు. పళ్ళెం ఒరిగి, రసం ఒక పెద్దావిడ తెల్లచీర మీద పడింది.

"పొద్దున్నే చుక్క పడిందా ఏంటి?" అంది నా వెనకావిడ.

"రిటైరైనోళ్ళకి పొద్దేంటి, సాయంత్రమేంటమ్మా" అంది ఆమె పక్కన కూర్చున్నావిడ.

నేను ఆయన కళ్ళు చూశాను. కనుపాపలు ఒక పక్కకే కొట్టుకుంటున్నాయి. అదేమిటో అక్కడ తెలిసింది ఆయనకూ నాకూ మాత్రమే.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నన్ను ఆపారు. "దగ్గరే కూర్చున్నావు కదమ్మా. ఏమైంది ఆయనకి?"

ఆ ఇద్దరూ చెప్పులు వేసుకుంటూ వింటున్నారు. నలుగురిలో నాకు మాట పెగలదు. "తూలారండి" అన్నాను. గింజ సంగతి చెప్పడానికి ఇంకో రెండు వాక్యాలు చాలు. చెప్పలేదు.

పళ్ళెం వేరొకరికి అప్పగించారు. మాస్టారు చివరి బెంచీకి మారారు. రావడం మాత్రం మానలేదు.

కొన్ని నెలలకు నందిగామ బస్టాండులో కనిపించారు. "బెజవాడలో డాక్టరు పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పాడమ్మా. ఐదు నిమిషాల్లో గింజ దాని చోటికి పోయింది."

"పాస్టరుగారికి చెప్పారా సార్?"

"అడిగితే చెబుదును." సంచీ ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నారు. "పరీక్షలో ఈ చెవి గింజల ప్రశ్నకి నీకు పదికి పది వేసా, గుర్తుందా?"

ఎప్పటిలాగే నవ్వారు. నేను ఎదురుగా వచ్చిన బస్సెక్కేశాను. అది వీరులపాడు వెళ్ళేది. నేను వెళ్ళాల్సింది అటు కాదు.

ఈ మధ్యాహ్నం పాస్టరుగారికి ఫోన్ చేద్దామని నంబరు తీశాను. నొక్కకుండానే ఫోన్ పక్కన పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. ఆయన తాగలేదు. ఆయన చెవిలో గింజ జారింది. నాకు ఆ రోజే తెలుసు.

వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం ఉంది. పళ్ళెం మా బెంచీ దగ్గర ఆగుతుంది. ఆగాక కూడా చిన్న గ్లాసుల్లో రసం కాసేపు ఊగుతుంది. మాస్టారి తర్వాత ఆ పళ్ళెం పట్టుకుంటున్నది మా నాన్న.