సంపెంగ మొక్క ఆర్డరు

మా టైపు మాస్టారు పోయారని కిందటి నెల ఆఫీసుకు ఫోనొచ్చింది. ఆ సమయంలో నా ఎదుట తెరమీద ఉన్నది ఆయన వాడలేకపోయిన వెబ్‌సైటే. దాన్ని తయారుచేసింది నేనే.

ఇంటరు సెలవుల్లో దానవాయిపేటలోని ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. తల వంచి అక్షరాలు వెతుక్కునేవాళ్ళ చేతులమీద ఆయన తువ్వాలు కప్పేసేవారు. "మెషీన్ని అలా చూస్తావేంటమ్మా, అదేమన్నా పెళ్ళికొడుకా?" అనేవారు. నవ్వుతూనే నేర్చుకున్నాం. కొన్నేళ్ళకి నీటికాసులనే కంటిజబ్బుతో ఆయన చూపు పోయింది. పాత విద్యార్థి ఒకాయన, తెరమీది ఇంగ్లీషు అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టాడు. మౌసు ఎలాగూ పనికిరాదు. టాబ్ కీ నొక్కుకుంటూ ఒక్కో గడీ దాటుతూ, కంప్యూటరంతా వేళ్ళతోనే నడిపేవారు మాస్టారు.

నేను వెబ్ డిజైనర్నయ్యాక కడియం వైపు ఒక నర్సరీకి సైటు చేశాను. మౌసు తగిలితే విచ్చుకునే పూలు పెట్టి మురిసిపోయాను. ఇంటికెళ్ళి సంగతి చెబితే మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"చూపు పోయాక నా ఉత్తరాలు కూడా ఇంకొకరే చదువుతున్నారు. సంపెంగ మొక్కొకటి నేనే తెప్పించుకుంటానమ్మా."

సైటు తెరిచి టాబ్ నొక్కారు. "ఇమేజ్" అంది మెషీను. మళ్ళీ నొక్కారు. మళ్ళీ "ఇమేజ్". మొక్కల పేర్లన్నీ నేను బొమ్మల్లోనే రాసేశాను, బొమ్మలోని అక్షరాలు ఆ సాఫ్ట్‌వేరు చదవలేదు. ఆర్డరు బటనేమో మౌసుకి తప్ప లొంగదు. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"అయితే తువ్వాలు కప్పితే నీ సైటు పనిచెయ్యదన్నమాట."

"మొక్క నేను తెస్తానండి మాస్టారూ."

"మొక్క ఎవరైనా తెస్తారమ్మా."

మా ఆఫీసులో సారుకి చెప్పాను. "చూపు లేనివాళ్ళకి పూలమొక్కలెందుకమ్మా?" అన్నారు. "వాసనకండి" అన్నాను. ఆయన నవ్వి, ముందు పూతరేకుల షాపు సైటు ముగించమన్నారు. దాని తరవాత బట్టల కొట్టుది. నేనూ వచ్చేవారం, వచ్చేవారం అంటూ ఎనిమిది నెలలు గడిపాను. మాస్టారు మాత్రం అప్పుడప్పుడూ సైటు తెరిచి, తప్పులు వరసగా నంబర్లేసి టైపుచేసి పంపేవారు. అడుగున, మా ఎక్సర్‌సైజులకి రాసినట్టే, "మళ్ళీ కొట్టి చూపించు" అని ఉండేది.

ఆయన పోయిన మర్నాడు ఆ తప్పులన్నీ సరిచేశాను. ఒక్క మధ్యాహ్నం పట్టింది. నాకు మింగుడుపడనిది అదే. ఎనిమిది నెలలు ఆపింది ఒక్క మధ్యాహ్నం పని.

సారు చూసి, "విచ్చుకునే పూలేవమ్మా? నర్సరీ పార్టీ అడుగుతాడు" అన్నారు. అవీ ఉంచవచ్చని చెప్పబోతే ఫోనులో మాట్లాడుతూ చెయ్యి ఊపేశారు. సాయంత్రానికి పాత సైటే తిరిగి పెట్టించారు.

సరిచేసినది సీడీలో వేసుకుని పదకొండో రోజు మాస్టారింటికి వెళ్ళాను. ఆయన కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది. తీసి, సీడీ పెట్టి, ఆ తువ్వాలు నా చేతులమీద వేసుకుని టాబ్ నొక్కాను. మల్లె, సన్నజాజి, సంపెంగ అని ఇంగ్లీషు యాసలో వరసగా పలికింది.

"మన సంపెంగని దొరగారు పిలిచినట్టుందే" అన్నారు మాస్టారి భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకోసారి నొక్కాను. ఆర్డరు ఎవరి పేరున అని అడిగి, మెషీను ఊరుకుంది. తువ్వాలు కింద నా వేళ్ళు కదల్లేదు.