మోటతోలు మూత

మా పెద్దనాయిన పోయిన వారం కన్నుమూశాడు. కబురు దొర ఇంటికి చేరగానే అక్కడి నుంచి వచ్చిన మొదటి మాట: "మరి బండి ఎవడు నడుపుతడు?" పన్నెండేళ్లు వాళ్ల కారు నడిపిన మనిషికి దక్కిన సంతాపం అదీ.

పెద్దనాయిన చేతులు బూడిదతో ఎంత తోమినా పెట్రోలు వాసన వదిలేది కాదు. "నువ్వు పక్కన కూసుంటె పొయ్యి ముట్టియ్యాలంటె భయమైతాంది" అని పెద్దమ్మ ఎగతాళి చేసేది. దొరల దౌర్జన్యం మీద సంఘం వేసిన కరపత్రాలు నేను చదివి వినిపిస్తే చివరిదాకా వినేవాడు. "మాటలు మంచిగనే ఉన్నయి బిడ్డా. జర ఆ పానా ఇటియ్యి" అనేవాడు.

ఒకసారి మర్రిగూడ దారి గతుకుల్లో కారు టాంకీ మూత ఊడి ఎక్కడో పడిపోయింది. కొత్తది పట్నం నుంచి తెప్పించడానికి దొరకు మనసు రాలేదు. పెద్దనాయిన గుడ్డ కుక్కి నడిపాడు. కుదుపులకు చింది, ఎండకు ఆవిరై పెట్రోలు తరిగింది. దొర పదిమందిలో అడిగాడు: "గుడ్డ తాగిందారా, నువ్వు అమ్ముకున్నవా?"

ఆ పూట పెద్దనాయిన అన్నం ముట్టలేదు. "దొంగ అనిపిచ్చుకోని స్టీరింగు పట్టుకోను" అన్నాడు.

ఇంటి ముందర కూర్చొని పాత గ్రీజు డబ్బా మూతను కొట్టి, అంచు వంచి, తిప్పితే పట్టుకునేలా రెండు చెవులు పెట్టాడు. అడుగున సైకిల్ ట్యూబు ముక్క వేస్తే మూడు రోజుల్లో ఉబ్బిపోయింది. మా ఇంట్లో బావుల్లో నీళ్లు తోడే తోలు మోటలు కుట్టేవాళ్లు; మిగిలిన తోలుముక్క తీసి ఆముదంలో నానబెట్టి, గుండ్రంగా కోసి బిగించాడు. "రబ్బరు పెట్రోలు తాగుతది. ఆముదం పట్టిచ్చిన తోలు తాగదు" అన్నాడు. హుజూర్‌నగర్ పోయి వచ్చాక దొర స్వయంగా టాంకీలో పుల్ల పెట్టి చూశాడు. చుక్క కూడా చిందలేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ తోలు ఎక్కడిదో దొరసానికి ఎవరో చేరవేశారు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మీ ఇంటి తోలు మా బండికి పెడుతవా?" అంది. మోట తోడిన నీళ్లతో పండిన వరి బియ్యమే ఆ ఇంట్లో మూడు పూటలా ఉడుకుతుంది. అది చెప్పమని పెద్దనాయినను మోచేత్తో పొడిచాను. ఆయన వేరే మాట చెప్పాడు: "అమ్మా, టాంకీల నీళ్లు పొయ్యకుండ్రి. బండి నడువది." ఆమె వినలేదు. మూతను కట్టెతో తోసి పెంటకుప్పలో పడేయించి, బండి మీదా, మైల పోవాలని టాంకీ మూతిలోనూ పసుపునీళ్లు పోయించింది.

మర్నాడు నల్లగొండ బయలుదేరిన దొర ఊరు దాటకముందే కారు నాలుగు సార్లు దగ్గి ఆగిపోయింది. పెద్దనాయిన బండి కిందికి దూరి టాంకీ ఖాళీ చేశాడు. పెంటకుప్పలో వెతికి మూత తెచ్చి, కడిగి, అదే పెట్టాడు. దొరకు ప్రయాణం ముఖ్యం. ఇక మైల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు ఆయనను నేను బానిస అన్నాను. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన కోప్పడలేదు. "వాళ్ల కోసం గాదురా. గా మూత నేను జేసిన" అన్నాడు. నా చేత మూత తిప్పించి చూశాడు. "గట్ల కోపంగ తిప్పకు, తోలు నలుగుతది. వేళ్లకు తెలుస్తది, ఆడ ఆగు."

మొన్న ఆయన ఖాకీ కోటు తెచ్చుకోవడానికి దొర కొట్టంలోకి వెళ్లాను. కారుకు ఇంకా అదే మూత. పీకి తెచ్చేద్దామని విప్పాను. తోలు నల్లగా, మెత్తగా ఉంది. అరుగు మీద నుంచి దొర అన్నాడు: "పైలంరా. అది మా మూత."

విసిరికొట్టాలనిపించింది. తిరిగి పెట్టి, పళ్లు బిగపట్టి తిప్పాను. లోపల తోలు మెల్లగా కూర్చోవడం వేళ్లకు తెలిసింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.