అవ్వ మరచెంబులో జలపాతం

నిన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి, టీ చల్లారినా ఫర్వాలేదు! ఇప్పటికీ అవ్వ ముందు తలెత్తలేకపోతున్నా.

అవ్వంటే నంద్యాలలో నేనుంటున్న ఇంటి ఓనరు. గాలీ వెలుతురూ ఉన్న ఆ మిద్దె మీది గది నాకు ప్రాణం. దసరాకి తన చెల్లెలి మనవడు వస్తాడు, ఖాళీ చెయ్యమని వారం నుంచీ అంటోంది. నేను అహోబిలం జలపాతానికి పోతున్నానని తెలిసి, ఇత్తడి మరచెంబు చేతికిచ్చింది. మోకాళ్లు బాగున్న రోజుల్లో ఎప్పుడో తాగిందట ఆ నీళ్లు. తెచ్చిపెడితే గది సంగతి ఆలోచిస్తానంది. ఇంతకంటే సులువైన పరీక్ష ఉంటుందా!

అబ్బ, ఆ దారి చూడాలి మీరు! మొన్నటి వానలకి వాగు నిండుగా ఉంది. రాళ్ల మీద గెంతుతూ, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కితే, పైనుంచి ఒకటే ధార! దాని వెనక్కి పోయి నిలబడొచ్చు! ఒళ్లంతా తడిసి, చిన్నపిల్లాడిలా కేకలు పెట్టా. చెంబు నింపి మూత గట్టిగా బిగించా.

దిగేటప్పుడు దాహం. ఒక్క గుక్కే అనుకున్నా. ఎంత చల్లగా ఉన్నాయో! మలుపుకో గుక్క పడింది. ఆళ్లగడ్డలో బస్సెక్కి చెంబు ఊపితే చప్పుడే లేదు. వెనక్కి పోదామంటే వేళ మించిపోయింది. గది పోయిందిరా అనుకున్నా.

శిరివెళ్లలో బస్సు పంచరైంది. దిగితే ఎదురుగా బోరింగు! కొట్టి నింపేశా. నేను సైన్సు మాస్టర్ని. నీళ్లకి రంగూ రుచీ ఉండవని పిల్లలచేత బట్టీ పట్టించేవాణ్ని, నాకేం భయం?

అవ్వ ఒక గుటక వేసి కళ్లు మూసుకుంది. పని అయిపోయిందనుకుని, కొండ దారీ ధారా అన్నీ వర్ణించడం మొదలుపెట్టా. ఆమె అంతా విని, ఇంకో గుటక వేసింది.

"ఇవి యాడ పట్కొచ్చినావప్పా?"

"జలపాతం కిందేనవ్వా, నా చేతులతోనే."

"అట్లనా. అయితే ఆ జలపాతం శిరివెళ్లలో మా పుట్టింటి ముందరే దుంకుతాండాది పో."

గది మాత్రం నాకే ఉంచింది. పుట్టినూరి నీళ్లు తాగి చాలా ఏళ్లయిందట. షరతు ఒక్కటే, ప్రతి ఆదివారం పోయి ఒక చెంబెడు తేవాలి. అడవులూ జలపాతాలూ చూద్దామనుకున్న ఆదివారాలన్నీ ఇక శిరివెళ్లలో బోరింగు కొట్టుకోవడానికే!