ఫ్లెక్సీ మీద మా అమ్మాయి

కరోనా తర్వాత మా స్కూలు మళ్లీ లేచి నిలబడిందని చందానగర్‌లో అందరూ చెప్పుకుంటారు. నిజమే. తాళాలు పడిన పై అంతస్తు తెరిచారు, కొత్త సెక్షన్లు పెట్టారు, తెల్లాపూర్ దాకా బస్సులు వేశారు. లెక్కల టీచరుగా నేనూ గర్వపడాలి. కానీ ఎవరైనా ఆ స్కూలును పొగిడితే నాకు సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోతుంది.

స్కూలు మూతపడిన రోజుల్లో నాకు జీతం లేదు. మా ఆయన పనిచేసే బాలానగర్ వర్క్‌షాపూ మూసేశారు. అప్పుడే అయిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయిని నా స్కూల్లోంచి తీసి సర్కారు బడిలో వేశాం. తర్వాత నన్ను మళ్లీ పనిలోకి పిలిచినా, అది మాత్రం వెనక్కి రానంది. "అక్కడ సారు బాగా చెప్తారమ్మా" అని ఒకటే మాట.

మొన్న టెన్త్‌లో అది మండలంలోనే ఫస్టొచ్చింది. మా కరస్పాండెంటు నన్ను పిలిచాడు. స్కూలు బతికించడానికి సొంత ప్లాటు అమ్ముకున్న మనిషి, చెడ్డవాడని అనలేను.

"మేడం, పాప అయిదు దాంక మన దగ్గర్నే సదివింది గద. ఒక ఫొటో ఇయ్యుండ్రి, ఫ్లెక్సీ మీద ఏస్తం."

"టెన్త్ ఇక్కడ చదవలేదు కదండీ."

"గది గూడ కింద రాపిస్త. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఎండాకాలంలో మా ప్రైవేటు స్కూళ్లలో టీచర్లు చేసే పని అడ్మిషన్లు పట్టడం. పాంప్లెట్లతో ఇల్లిల్లూ తిరగాలి, పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలాలి. పిల్లల్ని తేలేని టీచరుకు మళ్లీ ఏడాది ఉద్యోగం అనుమానమే. నేను తెచ్చినవాళ్లు మరీ తక్కువ. అమ్మాయిని అడగకుండానే ఫొటో వాట్సాప్‌లో పంపేశాను.

వారం తిరక్కుండానే హైవే మీద ఫ్లెక్సీ లేచింది. నిలువెత్తు మా అమ్మాయి, పక్కన "మా స్కూలు ఆణిముత్యం" అని పెద్ద అక్షరాలు. అయిదో తరగతి మాట అడుగున చీమ తలకాయంత ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా?

"ఫొటో నువ్విచ్చావా?" అని అమ్మాయి అడిగింది. అవునన్నాను. "మా సారు చూస్తే ఏమనుకుంటారు?" అని, అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

ఆ సారుకు నచ్చజెప్పుకుందామని నేనే సర్కారు బడికి వెళ్లాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"పోనీయుండ్రి మేడం, మీ నౌకరి మీకుండాలె. పిల్లలు మురిసిపోయి పాప పేరు అట్ట మీద రాసి గేటుకు కట్టిండ్రు. గా ఫ్లెక్సీ సూసినోళ్లొచ్చి, అబద్ధాలెందుకు రాస్తుండ్రని మమ్ముల్నే అడుగుతుండ్రు. ఇగ గేటుకున్న అట్ట తీసేపిచ్చిన."

నాకు తల తీసేసినట్టయింది. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి నేరుగా కరస్పాండెంటు దగ్గరికి పోయి ఫ్లెక్సీ తీసేయమన్నాను. "జూన్ దాంక ఆగుండ్రి మేడం. అందరు గది సూసే వస్తున్నరు" అన్నాడు. నిజంగానే వస్తున్నారు. నా పేరు చెప్పి కూడా నలుగురు చేరారు. కుక్కిన పేనులా ఊరుకున్నాను.

ఒక ఆదివారం అమ్మాయీ నేనూ మార్కెట్లో కూరగాయలు కొంటుంటే, అంతకుముందు నేను పాంప్లెట్ ఇచ్చొచ్చిన ఒకావిడ ఎదురైంది. వాళ్ల బాబును చేర్చాలా వద్దా అని తేల్చుకోలేకుండా ఉంది. అమ్మాయిని చూడగానే పోల్చుకుంది.

"ఫ్లెక్సీ మీద పాపవు నువ్వే కదూ? నిజంగా ఆ స్కూల్లోనే చదివావామ్మా?"

ఇది నిజం చెప్పేస్తుంది అనుకున్నాను. చెప్పేస్తే పీడా పోతుందని కూడా అనుకున్నాను, ఒట్టు. కానీ నేను తల వంచుకుని సంచీలో కూరగాయలు సర్దాను. అమ్మాయి నా ముఖం వంక చూసింది.

"అవునాంటీ, టెన్త్ దాకా అక్కడే. బాబును చేర్పించండి, బాగా చెప్తారు" అంది.

ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. "ఎందుకే అలా చెప్పావు?" అన్నాను.

"మరి నీ ఉద్యోగం పోదా అమ్మా?" అని, టమాటాలు ఏరడంలో పడింది.

నా కోసం నా పిల్ల తన సారును లేడనేసింది. నేను పక్కనే నిలబడి, వెళ్తున్న ఆవిడకు నవ్వుతూ చెయ్యి ఊపాను.