రాజు ముఖం చూసినవాళ్ళు

విరుదునగర్‌లో మేముండే మేడ కింద పుస్తకాలు కుట్టే చిన్న దుకాణం ఒకటుంది. వారానికి రెండుసార్లు అక్కడ జిగురు కోసం మైదాపిండి ఉడికిస్తారు. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. ఆ వాసన మెట్లెక్కి పైకి వచ్చిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీ వేసెయ్యమంటాడు. నేను వెయ్యను. ఆ వాసన వెనకాలే ఎద్దు మీద నగారా వస్తుంది, కొమ్ము వస్తుంది, వింజామరలూ గొడుగూ వస్తాయి, ఒక రాజు పట్టాభిషేకం ఊరేగింపంతా మా వంటింట్లోకి నడిచి వస్తుంది. దాన్ని నాకు చూపించిన మంగవ్వ మాత్రం రాదు. ఆవిడ కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మేము పుట్టినప్పటి నుంచీ మాట్లాడిన తెలుగుకు అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. ఆవిడ మాటలు తమిళ అక్షరాల్లో ఎంత కుదించినా ఇమడలేదు మరి.

మా ఊరు కోవిల్‌పట్టికీ సాత్తూరుకీ నడుమ, నల్లరేగడి మధ్య ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎన్నో తరాల కిందట అదొక చిన్న పాళెం, దాన్నేలే పాళెగాడే మాకు రాజు. కోట అని చూపించడానికి ఇప్పుడు ఒక మట్టిదిబ్బ తప్ప ఏమీ లేదు. కానీ రాజుకు పట్టం కట్టిన రోజున ఎవరి ముత్తాత ఏం పట్టుకుని నడిచాడో, ఆ పేరే ఇంటిపేరై నిలిచింది. గొడుగిల్లు, కొమ్మిల్లు, కత్తిల్లు. పెళ్ళిళ్ళలో తాంబూలం కూడా ఆ ఊరేగింపు వరసలోనే ఇస్తారు. వరస అంతా అయ్యాక, మిగిలినవాళ్ళు రండి అని పిలుస్తారు. ఆ మిగిలినవాళ్ళం మేము. వానలు లేక కారియాపట్టి వైపు నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం మాది. మా నాన్న ఇంటింటికీ జొన్నచొప్ప మోసేవాడు. అందరి తర్వాత తాంబూలం అందుకుని ఆయన నవ్వుతూ కళ్ళకద్దుకుంటుంటే, నాకు ఒళ్ళు మండిపోయేది. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మంగవ్వ మా పక్కింటావిడ. భర్త పోయాక అగ్గిపెట్టెలు అతికి బతికింది. బడి వదలగానే వీధిలో ఆడపిల్లలమంతా ఆమె అరుగు మీద చేరి, వేళ్ళకు అదే మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పూసుకుని పెట్టెలు అతికేవాళ్ళం. అతికినవి ఎండలో ఆరబెట్టాలి. అందరూ కుప్పగా పోసి ఆరబెడితే, మంగవ్వ ఊరేగింపుగా ఆరబెట్టేది. అరుగు చివర నుంచి గడప దాకా ఒక్కొక్క పెట్టే పెడుతూ ఒక్కొక్కరినీ నడిపించేది. ముందు ఎద్దు మీద నగారా. వెనక ముళ్ళకంపలు నరికేవాళ్ళు, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లేవాళ్ళు. తర్వాత కొమ్ములు, జెండా, పట్టుగుడ్డ మీద కత్తి. ఆ పైన ఏనుగు. ఏనుగు దగ్గర అవ్వకు ఎప్పుడూ నవ్వు ఆగేది కాదు. అది మన రాజుది కాదు, ఎక్కడో గుడి నుంచి అరువు తెచ్చినది. రెండు రోజుల ముందే వచ్చి ఊళ్ళో మేతంతా తినేసింది. తీరా పట్టం కట్టిన రోజు తెల్లవారుతూనే వాన కురిసింది. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో తొక్కినవాళ్ళకే తెలుసు. ఏనుగు కాలు మోకాలి దాకా దిగబడి, ఇక ఒక్క అడుగు వెయ్యనని నిలబడిపోయింది. కొత్త కిరీటం పెట్టుకున్న రాజు దాని మీంచి దిగి, గొడుగు కింద చెప్పులు లేకుండా నడిచాడు.

అలా నడిపిస్తూ నడిపిస్తూ అవ్వ పిల్లల్ని చూసేది. గొడుగు రాగానే గొడుగింటి పిల్ల మెడ సాచేది. కొమ్ము రాగానే కొమ్మింటి పిల్ల బుగ్గలు పూరించేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఓపిక పట్టలేక, జిగురు చేతులతోనే లేచి నిలబడి, “అవ్వా, మా వరిస యాడ?” అని అడిగాను. పిల్లలంతా నవ్వారు. అవ్వ నవ్వలేదు. చేతిలో పెట్టె అలాగే పట్టుకుని కాసేపు వీధిలోకి చూసింది. తర్వాత ఆ పెట్టెను రాజుకు సరిగ్గా ముందు, అందరికీ ఎదురుతిప్పి పెట్టింది.

“మీ వాళ్ళు రాజుకు ముందర పాపా. ఆయన కాలు దిగబడకుండా చొప్ప పరుసుకుంటా ఎనక్కి నడిసినారు. ముందర పొయ్యేవాళ్ళు ఎనక్కి తిరగకూడదు. ఎనక వచ్చేవాళ్ళకు వీపే తెలస్తాది. ఆ పొద్దు రాజు ముకం సూసింది మీ వాళ్ళే.”

ఆ రోజు నేను ఇంటికి వెనక్కే నడుచుకుంటూ వెళ్ళాను. గడప తగిలి పడ్డాను కూడా. ఆ తర్వాత పదేళ్ళ పాటు మా నాన్న తాంబూలం ఎన్నోవాడిగా అందుకున్నాడో నేను పట్టించుకోలేదు. రాజు ముఖం చూసినవాళ్ళం మేము, ఇంకేం కావాలి?

పంతొమ్మిదో ఏట ఒక పెళ్ళిలో ఆ పొగరే నన్ను పట్టించింది. మిగిలినవాళ్ళు రండి అని పిలిచినప్పుడు, మాకూ వరస ఉంది, రాజు ముందర మాదే అని పందిట్లో అందరూ వినేలా అన్నాను. తాంబూలం ఇస్తున్నది గొడుగింటి పెద్దయ్య. మంచివాడే, కోప్పడను కూడా లేదు. “మీరు నిన్న మొన్న వచ్చినవాళ్ళు గదమ్మా. పట్టం కట్టిన కాలంలో మీకు ఈ ఊర్లో ఏమి సొందం?” అన్నాడు. మా నాన్న నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఆయన తలెత్తలేదు. నేను తిన్నగా అవ్వ దగ్గరికి వెళ్ళి, ఎందుకు అబద్ధం చెప్పావని నిలదీశాను. అవ్వ పెట్టెలు అతకడం ఆపలేదు.

“ఆ పొద్దు సూసినవాళ్ళు ఎవురుండారు పాపా? నేను సూసినానా, గొడుగింటాయన సూసినాడా? వాన నిజం. కరిసల్ నల్లమట్టిలో కాలు దిగేది నిజం. అయితే ఎవురో ఒకరు చొప్ప ఏసే ఉండాల. వాళ్ళ పేరు ఎవురూ చెప్పలేదు. నాకు తెలిసి చొప్ప మోసేవాడు మీ నాయన ఒకడే.”

నేనడిగిన సాయంత్రం అవ్వ వీధిలోకి చూసినప్పుడు, మా నాన్న ఆమె ఆవుకు చొప్పకట్ట దించుతున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. అది ప్రేమ అని తెలుసుకునే వయసు కాదు నాది. బిచ్చం వేసిందనుకున్నాను. చదువుకీ, తర్వాత ఉద్యోగానికీ విరుదునగర్ వచ్చేశాను. ఊరు వెళ్ళినప్పుడల్లా అవ్వను చూసేదాన్ని, పండ్లు ఇచ్చేదాన్ని, ఆరోగ్యం అడిగేదాన్ని. ఊరేగింపు మాత్రం అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. అన్నేళ్ళు ఎలా ఊరుకున్నానో తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక ఏడు ఐప్పసి నెల వానల్లో అవ్వ పోయిందని కబురొచ్చింది. సాత్తూరులో బస్సు మారి ఊరు చేరేసరికి పాడె లేపుతున్నారు. వీధంతా నల్లబురద. మోసేవాళ్ళలో ముందరి మనిషి కాలు దిగబడి పాడె పక్కకు ఒరిగింది. అవ్వ తల అటు వాలింది. నేనేం ఆలోచించలేదు. అవ్వ దొడ్డిలో వామి నుంచి చొప్ప చంకనిండా పట్టుకొచ్చి, పాడె ముందు పరుస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాను. ఆడది పాడెకు ముందు నడవకూడదని ఎవరో గదమాయించారు. ఇద్దరు నన్ను పక్కకు తప్పించబోయారు. అప్పుడు గొడుగింటి పెద్దయ్య కర్ర ఊతంగా గుంపులోంచి ముందుకు వచ్చాడు. వయసుకు గొంతు సన్నబడింది.

“నడవనీండి. అది వాళ్ళ వరిస.”

వీధి చివర దాకా చొప్ప పరిచాను. చినుకులు అవ్వ ముఖం మీద పడుతున్నాయి, తుడవడానికి నా చేతులు ఖాళీగా లేవు. ముందు డప్పులవాళ్ళు అటు తిరిగి ఉన్నారు, మోసేవాళ్ళు నేల చూస్తున్నారు, ఊరంతా పాడె వెనక ఉంది. అంత ఊరేగింపులో ఆ ముఖం చూసింది నేనొక్కదాన్నే. ఆడవాళ్ళు ఆగవలసిన చోట పక్కకు తప్పుకున్నాను. ఆ తర్వాత నాకూ వీపులే కనిపించాయి.

ఇప్పుడు కింద పిండి ఉడికిన రోజున, దాచుకున్న పాత అగ్గిపెట్టెలు తీసి కిటికీ పక్కన పేరుస్తాను. నగారా, నీళ్ళు, కొమ్ము, కత్తి, మొండికేసిన ఏనుగు, చొప్ప పరిచేవాళ్ళు, రాజు, గొడుగు, రాణి పల్లకి. పల్లకి వెనక ఎవరు? ఎంత ఆలోచించినా గుర్తు రాదు. అడుగుదామంటే అవ్వ లేదు, ఊళ్ళో ఎవరికీ అంతవరకు తెలియదు. అక్కడొక ఖాళీ పెట్టె పెడతాను. ఎవరో ఒకరు నడిచే ఉండాలి.