రెండో బ్యాటరీకి పెట్టిన బొట్టు

మొన్న ఆదివారం విరుదునగరంలో నా మనవరాలికి చెవులు కుట్టారు. ఆ వేడుకలో నేను చేసిన నిర్వాకం మా చుట్టాల్లో సగం మందికి అప్పుడే తెలిసిపోయింది. మిగతా సగానికి ఉప్పూకారం కలిసి చేరకముందే నేనే చెప్పేస్తే నయమనిపించింది.

మా అమ్మాయి రాజీని విరుదునగరంలో ఇచ్చాం. నేను కోవిల్‌పట్టిలో మా అబ్బాయి శీను, కోడలు జయ దగ్గర ఉంటాను. మా వైపు పిల్లకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టాలి. ఆ మేనమామ ఊరికే రాకూడదు. చీర, గౌను, పళ్ళు, మిఠాయి అన్నీ తట్టల్లో పెట్టి, చుట్టాలతో మోయించుకుని, వీధి మొదటి నుంచి పాటతో నడిచి రావాలి. దాన్నే మేము సీరు అంటాం. రాజీ తోడికోడలి అన్నదమ్ములు సీరు తెచ్చినప్పుడు వీధి అదిరిపోయిందట. అత్తగారి నోట ఆ మాట వినీ వినీ రాజీకి విసుగు పుట్టింది. "అమ్మా, ఈసారి మనోళ్ళ చప్పుడు వీధి చివరదాకా వినపడాల" అని ఫోనులో నాకు మరీ మరీ చెప్పింది.

శీను మేళం మాట్లాడాడు. వద్దన్నది నేనే.

"కారులో అంత స్పీకరు పెట్టుకోని మళ్ళా మేళం ఎందుకురా? నువ్వు పాట పెడితే పక్కింట్లో గిన్నెలు మోగుతాయి. మేళగాళ్ళు పోయినసారి అందరూ భోజనానికి కూర్చున్నాక వచ్చినారు."

సరేనన్నాడు. కానీ ఒక చిక్కు ఉంది. పాట పెద్దది చేస్తే కారు లైట్లు మిణుకుమిణుకుమంటాయి. బండి ఆపి కాసేపు పాట పెడితే మళ్ళీ స్టార్టు కాదు. అందుకని ఆడియో షాపులో చెప్పి డిక్కీలో స్పీకరు డబ్బా పక్కన రెండో బ్యాటరీ పెట్టించాడు.

"ఒక బండికి రెండు బ్యాటరీలు ఎందుకురా?"

"ముందరిది బండికి, వెనకది పాటకమ్మా. పాట ఎంత తిన్నా ముందరిదాన్ని ముట్టుకోదు."

"అంటే వేరు కాపురమా?"

"అట్లనే అనుకో."

మా ఇంట్లో కొత్తగా ఏ యంత్రం వచ్చినా, మిక్సీ కానీ మోటారు కానీ, బొట్టు పెట్టి హారతి ఇవ్వకుండా వాడం. ఆదివారం పొద్దున తట్టలూ చుట్టాలూ వ్యాను ఎక్కుతుంటే నేను ఇత్తడి హారతి తట్ట పట్టుకుని కారు డిక్కీ దగ్గరికి వెళ్ళాను. బ్యాటరీ మీద రెండు కొమ్ములు, వాటికి రబ్బరు మూతలు. బొట్టు నుదుట పెట్టాలి కానీ టోపీ మీద పెడతామా? మూతలు తీసి నడుము దగ్గర దోపుకుని, రెండు కొమ్ములకూ గంధం, కుంకుమ పెట్టాను. హారతి ఇచ్చి ఆర్పాను. అంతలో ఫోను మోగింది. రాజీ. "బయల్దేరినారా?" తట్ట స్పీకరు డబ్బా మీద పెట్టి, మాట్లాడుతూ ఇటు వచ్చేశాను. టైమైపోతోందని శీను డిక్కీ చూడకుండానే మూసేశాడు.

ఈ మధ్య నాకొక దిగులు పట్టుకుంది. తెలిసిన పేర్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. స్టవ్వు దగ్గరికి వెళ్ళి, ఎందుకు వచ్చానా అని నిలబడతాను. అందుకే ప్రతిదీ ఒకటికి రెండుసార్లు అడుగుతాను. కారు ఊరు దాటగానే మొదలుపెట్టాను.

"శీనూ, గ్యాసు కట్టినానా?"

"కట్టినావమ్మా."

"కొళాయి?"

"నేను చూసినాను అత్తా" అంది జయ.

"అయినా ఏదో మరిచినానురా. ఏందో తెలవడం లేదు."

"ఇంకొకసారి అడిగినావంటే సాత్తూరులో దింపి, చేతిలో కారాసేవు పొట్లం పెట్టి కోవిల్‌పట్టి బస్సు ఎక్కిస్తా."

ముగ్గురం నవ్వుకున్నాం. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజంతటిలో నోరు తెరవవలసిన సమయం సరిగ్గా అదే.

సాత్తూరు దాటాక స్పీడు బ్రేకరు మీద కారు ఎగిరింది. వెనక ఏదో జారిన చప్పుడు. అప్పటిదాకా మోగుతున్న పాట ఆగిపోయింది. శీను పెన్‌డ్రైవ్ పాడయిందనుకుని దాన్ని తీసి, ఊది, మళ్ళీ పెడుతున్నాడు. నాకు మాడు వాసన వచ్చింది. చెబుదామనుకున్నాను. మళ్ళీ గ్యాసు గొడవ అంటారేమోనని ఊరుకున్నాను. నా బుర్రే అలా వాసనలు పుట్టిస్తోందేమోనని కూడా భయం వేసింది. చివరికి జయ దగ్గితే శీను కారు ఆపాడు.

డిక్కీ తెరిస్తే పొగ. నా హారతి తట్ట ఆ రెండు కొమ్ముల మీద అడ్డంగా పడి, అంచులు ఎర్రబడి కాలుతోంది. శీను మమ్మల్ని దూరంగా నిలబెట్టి గొడుగు కర్రతో దాన్ని కింద పడేశాడు. బ్యాటరీ ఒక పక్క ఉబ్బిపోయింది. షాపతనికి ఫోను చేస్తే, దాని వైర్లు విప్పేయండి, ముందర బ్యాటరీతో బండి పోతుంది, పాట మాత్రం ఇంక లేదు అన్నాడు.

"దీని మూతలు ఏమైనాయి?" అన్నాడు శీను.

నడుము దగ్గర నుంచి తీసి ఇచ్చాను. ఎంత భద్రంగా దాచానో. వాడు వాటిని చూశాడు, నన్ను చూశాడు, జేబులో వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ముహూర్తం దగ్గర పడింది. అప్పటికప్పుడు ఏ మేళమూ దొరకలేదు. వీధి మొదట్లో వ్యాను దిగి అందరూ తట్టలు ఎత్తుకున్నారు. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. సీరు తెస్తున్నట్టు లేదు, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది. దూరంగా గుమ్మంలో రాజీ నిలబడి మా వెనక ఎవరైనా వస్తున్నారా అని మెడ చాచి చూస్తోంది. పక్కనే వియ్యపురాలు, తోడికోడలు. నా కూతురి మొహం చూడలేక తల దించుకున్నాను.

"అత్తా, మీరు పాడండి" అంది జయ మెల్లగా. "మునుపు సీరు పాట పాడేవారంటనే."

మా అమ్మ పాడేది, నేనూ పాడేదాన్ని. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. "మామ వచ్చె, మామ వచ్చె, బంగారు మొలతాడు తెచ్చె." ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత ఏముందో చూస్తే, నా తలలో ఏమీ లేదు.

ఆగితే పరువు పోతుంది. ముందు నడుస్తున్న తట్ట చూసి "అరటిపళ్ళు తెచ్చె" అన్నాను. పక్క తట్ట చూసి "పల్లీ మిఠాయి తెచ్చె" అన్నాను. తర్వాత కారాసేవు, స్టీలు డబ్బా, ఫ్లాస్కు. ఫ్లాస్కు దగ్గర పిల్లలు పడీపడీ నవ్వారు. తట్టలు అయిపోయినప్పుడల్లా మళ్ళీ మొదటికి వచ్చి, వచ్చిన ఒక్క చరణం గట్టిగా పాడాను. వీధి చివరదాకా వినపడింది. గుమ్మంలో రాజీ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. గండం గడిచిందనుకున్నాను.

చెవులు కుట్టడం అయింది. మేనమామ కమ్మలు పెట్టాడు, వెండి మొలతాడు కట్టాడు. వియ్యపురాలు నా పక్కన వచ్చి కూర్చుంది.

"పాట బాగుండాది వదినా. బంగారు మొలతాడు ఎప్పుడు కడతారు? వీధంతా విన్నారు, నన్ను అడుగుతా ఉండారు."

రాజీ మొహం మళ్ళీ వాడింది. శీను అది చూశాడు.

"చేయిస్తా ఉండాం అత్తా. పుట్టినరోజుకు వచ్చేస్తాది."

తిరుగు ప్రయాణంలో కారు పాట లేకుండా వచ్చింది. సాత్తూరు దగ్గర నేనే అన్నాను, "తప్పయిందిరా" అని. "పోనీలేమ్మా" అన్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వు ఏం మరిచిపోతావోనని భయపడినాను. ఇంక ఏం గుర్తొస్తాదోనని భయపడాల."

నిన్న చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆ పాటలో రెండో చరణం ఒక్క అక్షరం పోకుండా గుర్తొచ్చింది. మేనమామ వెండి ఊయల తెస్తాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.