సిలిండరు మీద మిగిలిన నంబరు

ఫోన్లో ఆ ఫోటోలు వచ్చినప్పుడు ఓబుళేసు సోమందేపల్లెలో హైవే పక్కనున్న తన రేకుల అంగట్లో మందు కొట్టే పంపు విప్పుకొని కూర్చున్నాడు. విత్తనం పడ్డాక వాన మొహం చాటేసిన ఏడు అది. పైరే లేనప్పుడు పంపు బాగుచేయించుకునే వాళ్లు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తారు?

నాలుగు ఫోటోలు. పాత రివాల్వర్‌వి. ఓబుళేసు కళ్లద్దాలు తుడుచుకొని చూశాడు. జిల్లా పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు తుపాకులు బాగుచేసిన మనిషి. ముఖాలు మరిచిపోతాడేమో గానీ ఇనుము మీది ముద్రలు మరిచిపోడు. కిరీటం, దాని కింద ఎన్‌ఫీల్డ్ పేరు, 1942. పక్కనే కాకి కాలులాంటి బాణం గుర్తు. తెల్లోళ్ల సైన్యం సొత్తని అర్థం. సైన్యం అమ్మేసిన వాటి మీద మామూలుగా ఎదురుగా ఇంకో బాణం కొడతారు. దీని మీద అది లేదు, అంటే ఇది సర్కారు చేతి నుంచి అమ్ముడుపోలేదు. నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలు మాత్రం ఉన్నాయి.

వెంటనే ఫోన్ మోగింది. దివాకర్. వందల ఎకరాలు, మండల రాజకీయం, రెండూ ఉన్న ఇంటివాడు.

"ఏం ఓబుళేసూ, చూసినావా? మా తాత యుద్ధం నుంచి తెచ్చినాడు. బెంగళూరులో ఒకాయన ఇట్లాంటివి పోగు చేస్తాడంట. ఒగసారి ఇంటికి రా. బండి పంపిస్తాండా."

ఆ ఇంటి మాట వినగానే ఓబుళేసుకు రామప్ప గుర్తొచ్చాడు. ఇరవై రెండేళ్ల కింద దివాకర్ తండ్రికి గన్‌మ్యాన్‌గా ఉన్న కానిస్టేబుల్. స్నానం చేసి వచ్చేలోగా గూట్లో పెట్టిన రివాల్వర్ మాయమైందని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. అమ్ముకున్నాడన్నారు, ఉద్యోగం తీసేశారు. నాలుగేళ్లు హోటల్లో పిండి రుబ్బి, ఒకనాడు ఆ రోలు దగ్గరే ఒరిగిపోయాడు. ఆ రివాల్వర్ రామప్ప చేతికిచ్చి రిజిస్టరులో రాసింది ఓబుళేసే. ఇద్దరూ పదకొండేళ్లు ఒకే క్యారియరులో తిన్నవాళ్లు. అయినా విచారణలో పై అధికారి అడిగినప్పుడు, "నంబరు చెప్పగలను సార్, మనిషి సంగతి నాకు తెలీదు" అన్నాడు.

దివాకర్ పంపిన బండి అతని ఇంటి ఆవరణలోకి రాగానే వెనక గేటు మూసుకుంది. వసారాలో దివాకర్, స్తంభానికి ఆనుకొని ఇద్దరు మనుషులు. బల్ల మీద గుడ్డలో చుట్టిన రివాల్వర్. ఓబుళేసు చేతిలోకి తీసుకున్నాడు. ఫ్రేము మీద నంబరు లేదు, గొట్టం మీదా లేదు. తూటాలు కూర్చే సిలిండరుకు మడ్డి పట్టి ఉంది. బొటనవేలితో రుద్దాడు. మడ్డి కింద చిన్న అక్షరాలు తేలాయి. జె 4417.

విచారణలో మూడుసార్లు చెప్పిన నంబరు అది.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు?" దివాకర్ గొంతులో నవ్వుంది, కళ్లలో లేదు.

"తుప్పు సార్. శానా పట్టింది."

"నంబరు లేకుంటే ఆయన తీసుకోడంట. నువ్వే ఏదో ఒకటి కొట్టియ్యల్ల."

"కొడతా సార్. ముందు సిలిండరు తిరగడం లేదు, నూనెలో నానబెట్టల్ల. విప్పి తీసుకుపోతా."

"మొత్తం తీసుకుపో."

"వద్దు సార్. దోవలో ఎవరన్నా ఆపితే నా బతుకు ఏం గావల్ల? ఇదొక్కటైతే పంపు సామాననుకుంటారు."

స్తంభం దగ్గరి మనిషి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

"పోలీసోనివి, పోలీసులంటే భయమా?" అన్నాడు దివాకర్. "రేపు సాయంత్రం మావోడొస్తాడు. రెడీగా ఉండల్ల."

దారి పొడవునా డ్రైవరు అద్దంలో ఓబుళేసునే చూశాడు. బండి కనుమరుగయ్యాక ఓబుళేసు అంగడి తెరవలేదు. పెనుకొండ బస్సెక్కాడు. రామప్ప భార్య కదిరమ్మ ఉపాధి పనిలో గుంత తవ్వుతోంది. గట్టు మీదికి పిలిచి ఆ ఇనుప ముక్క చేతిలో పెట్టాడు.

"వదినా, రామప్ప అమ్ముకోలేదు. ఆ ఇంట్లోనే ఉండాది."

"అది నాకు ఎప్పుడో తెలుసునప్పా. తెలీంది మీకే." కదిరమ్మ ఆ నంబరు మీద మట్టివేలు పెట్టింది. "ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే ఏం పోయేది నీకు?"

ఆమె గడ్డపార పక్కన పడేసి చేతులు కడుక్కుంది. "పా, యాడికి పోవల్లో చెప్పు."

ఆ సాయంత్రమే జిల్లా పోలీసు ఆఫీసులో ఆ సిలిండరు పెద్ద అధికారి బల్ల మీదికి చేరింది. ఆయన మొదటి ప్రశ్న ఓబుళేసు మీదికే వచ్చింది. "అప్పట్లో ఇచ్చింది నువ్వే. ఇప్పుడు ముక్క దొరికిందీ నీ దగ్గరే. మేమేం అనుకోవాలి?" మూడు రోజులు అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. ఫోన్లోని ఆ నాలుగు ఫోటోలే అతణ్ణి ఒడ్డున పడేశాయి. దివాకర్ నంబరు నుంచి వచ్చినవి, ఆకురాయి గీతలతో సహా. సోదాలో రివాల్వర్ మాత్రం దొరకలేదు. ఆ ఫోటోలు తనకెవరో పంపితే ఓబుళేసుకు పంపానంతేనని దివాకర్ చెప్పి బెయిలు మీద బయటికొచ్చాడు.

ఏడాదిన్నరకు రామప్ప మీది నింద కొట్టేస్తూ ఉత్తర్వు వచ్చింది. కదిరమ్మ దాన్ని ఓబుళేసు చేత చదివించుకుంది. మొగుడి పేరొచ్చిన చోట ఆపి, మళ్లీ చదవమంది.

ఆలోపే ఒకనాడు పట్టపగలు అంగడి రేకులు ఎవరో పీకి హైవే మీద పడేశారు. ఎదురుగా టీ కొట్టు ఉన్నా ఎవరూ చూడలేదన్నారు. ఓబుళేసు సామాను మూటగట్టుకొని బత్తలపల్లెలో చెల్లెలింటికి మారాడు. అక్కడా వారానికోసారి వీధి మొదట్లో ఒక తెల్ల బండి ఆగేది. ఎవరూ దిగేవాళ్లు కాదు.

మొన్న దివాకర్ మీది కేసులో సాక్ష్యం చెప్పే రోజు కదిరమ్మే అతనికి తోడు వచ్చింది. కోర్టు మెట్ల దగ్గర దివాకర్ ఎదురుపడి పలకరించాడు. "బాగుండావా ఓబుళేసూ? చెల్లెలు బాగుందా?"

ఓబుళేసు ఆగకుండా లోపలికి పోయి, బోనులో ముప్పావుగంట నిలబడి నంబరు చెప్పాడు, రామప్ప ఎట్లాంటి మనిషో కూడా చెప్పాడు. తీర్పు ఇంకా రాలేదు. తిరుగు బస్సులో కదిరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ధర్మవరం దాటేదాకా వెనకే వస్తున్న తెల్ల బండిని ఇద్దరూ చూశారు.